రాష్ట్ర ఖజానాకు రాజ్యాంగం గీసిన గీతలు ఎక్కడెక్కడున్నాయి?

మంగళవారం వచ్చిందంటే రిజర్వు బ్యాంకు ఈ-కుబేర్ వేదిక మీద రాష్ట్రాల సెక్యూరిటీల, అంటే అప్పు పత్రాల, వేలం జరుగుతుంది. మర్నాడు ‘రాష్ట్రానికి మరో రెండు వేల కోట్ల అప్పు’ అని వార్త. అభివృద్ధి కోసమే అంటుంది అధికార పక్షం, దివాలా తీశారంటుంది ప్రతిపక్షం. ఆ వేలానికి ఎంత మొత్తంతో వెళ్లాలో ఎవరు నిర్ణయించారు, అప్పు కాకుండా డబ్బు తెచ్చుకునే దారులు ఎన్ని మిగిలాయి అన్న సంగతి మాత్రం ఆ వార్తలో ఉండదు.

రాజ్యాంగం ప్రకారం రాష్ట్రానికి ఖర్చు పెట్టే స్వేచ్ఛ చాలా ఎక్కువ. డబ్బు సమకూర్చుకునే స్వేచ్ఛ చాలా తక్కువ. కార్పొరేషన్ల పేరిట అప్పులు, కాంట్రాక్టర్ల పెండింగ్ బిల్లులు, పరిశ్రమలకు రాని ప్రోత్సాహకాలు అన్నీ ఈ తేడాలోంచి పుట్టినవే. పాలకుల తప్పులు లేవని కాదు. కానీ పార్టీ మారినా అవే తప్పులు మళ్లీ మళ్లీ జరుగుతున్నాయంటే కారణం మనుషుల్లోనే వెతికితే దొరకదు.

జాబితాలో ఉన్నంత మాత్రాన సరిపోదు

246వ అధికరణం, ఏడో షెడ్యూలు కలిసి చట్టాలు చేసే అధికారాన్ని కేంద్ర, రాష్ట్ర, ఉమ్మడి జాబితాలుగా పంచాయి. భూమి, నీరు, వ్యవసాయం, పరిశ్రమలు, గనులు, వ్యాపారం రాష్ట్ర జాబితాలో కనిపిస్తాయి. పైపైన చూస్తే ఆర్థిక వ్యవస్థంతా రాష్ట్రానిదే అనిపిస్తుంది. మెలికంతా ఆ మాటల పక్కనున్న షరతుల్లో ఉంది. రాష్ట్ర జాబితా 24వ అంశం పరిశ్రమలు. కానీ కేంద్ర జాబితాలోని 7, 52 అంశాలకు లోబడి. 23వ అంశం గనులు. అది కేంద్ర జాబితా 54కు లోబడి. 26, 27 అంశాల్లోని వ్యాపారం, సరకుల ఉత్పత్తి, సరఫరా ఉమ్మడి జాబితా 33కు లోబడి. ప్రజాప్రయోజనం దృష్ట్యా ఫలానా పరిశ్రమ లేదా గని కేంద్ర నియంత్రణలో ఉండాలని పార్లమెంటు ఒక చట్టంలో ప్రకటిస్తే చాలు, ఆ మేరకు రాష్ట్రం తప్పుకోవాలి. 1951 నాటి పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం, 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం అలా వచ్చినవే. 2020 సాగు చట్టాలకు కేంద్రం చూపిన ఆధారం కూడా ఉమ్మడి జాబితా 33వ అంశమే. వ్యవసాయం, సంతలు రాష్ట్రానివి కదా అన్న వాదన కోర్టులో తేలకముందే 2021లో ఆ చట్టాలు రద్దయ్యాయి.

ఉమ్మడి జాబితాలోని విషయంపై కేంద్ర చట్టానికీ రాష్ట్ర చట్టానికీ పొసగకపోతే కేంద్రానిదే చెల్లుతుంది. తప్పించుకునే దారి 254(2) ఒక్కటే: రాష్ట్రం చేసిన బిల్లును రాష్ట్రపతి పరిశీలనకు పంపి ఆమోదం తెచ్చుకుంటే, ఆ రాష్ట్రం వరకు అదే నిలుస్తుంది. 2013 భూసేకరణ చట్టంలో మార్పులు కోరుకున్న తమిళనాడు, గుజరాత్, తెలంగాణ ఈ దారినే వెళ్లాయి. రాష్ట్రపతి ఆమోదమంటే ఆచరణలో కేంద్ర మంత్రివర్గం ఆమోదమే. అది వచ్చిన తర్వాత కూడా అదే విషయం మీద పార్లమెంటు మళ్లీ చట్టం చేసి దాన్ని తోసిపుచ్చవచ్చు.

పన్ను వేసే అధికారం వేరు

ఒక రంగంపై చట్టం చేసే అధికారం ఉంటే దాని మీద పన్ను వేసే అధికారమూ ఉంటుందని చాలామంది అనుకుంటారు. అలా ఉండదు. 1958లో సుందరరామయ్యర్ అండ్ కంపెనీ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. మద్రాసు నూలు వ్యాపారులు ఆంధ్ర ప్రాంతం వారికి అమ్మిన సరకుపై అమ్మకం పన్ను గురించిన తగాదా అది. జాబితాల్లో మామూలు అంశాలు వేరు, పన్నుల అంశాలు వేరు. మొదటి వాటిలోంచి రెండో అధికారాన్ని లాగడానికి వీల్లేదన్నది దాని సారం. పన్నుల జాబితాలో లేని కొత్త పన్ను ఏది పుట్టినా అది 248వ అధికరణం కింద పార్లమెంటుకే చెందుతుంది. సేవలపై పన్ను అలాగే 1994లో కేంద్రం చేతికి వెళ్లింది.

2017 జూలై 1 తర్వాత రాష్ట్రం సొంతంగా రేటు నిర్ణయించుకోగల పన్నులు ఇవి: భూమి శిస్తు, వ్యవసాయ ఆదాయంపై పన్ను, భూములు, భవనాలపై పన్ను, ఖనిజ హక్కులపై పన్ను, మద్యం, కరెంటు, వాహనాలు, వృత్తి పన్ను, స్టాంపు డ్యూటీ, పెట్రోలు, డీజిలు, విమాన ఇంధనం లాంటి కొన్ని ఇంధనాలపై వ్యాట్. ఇందులో గట్టిగా డబ్బు తెచ్చేవి మద్యం, ఇంధనం, రిజిస్ట్రేషన్లు, వాహనాలే. వ్యవసాయ ఆదాయంపై పన్ను వేసే ధైర్యం మన పార్టీలకు లేదు, భూమి శిస్తు నామమాత్రం. వృత్తి పన్నుకు రాజ్యాంగమే పైకప్పు వేసింది. 276వ అధికరణం ప్రకారం మనిషికి ఏడాదికి 2,500 రూపాయలు మించకూడదు. 1988లో 60వ సవరణ పెట్టిన ఆ అంకె ఇప్పటికీ మారలేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో నెలకు 20 వేలు దాటిన జీతగాడికి 200 రూపాయలు కోస్తారు. ఏడాదికి 2,400. నెలకు 20 లక్షలు తీసుకునేవాడికీ అంతే. అది పెంచాలంటే రాజ్యాంగ సవరణ కావాలి.

మద్యం ఆదాయంపై రాష్ట్రాల మోజు గురించి నీతి పాఠాలు చాలా విన్నాం. దానికి సగం జవాబు రాష్ట్ర జాబితా 51వ అంశంలో ఉంది. పెద్ద ఎత్తున డబ్బు తెచ్చేవీ, రేటు పూర్తిగా రాష్ట్రం చేతిలో ఉన్నవీ కొన్నే, వాటిలో అదొకటి. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సంపూర్ణ మద్య నిషేధాన్ని 1997లోనే సడలించాల్సి వచ్చిందంటే, ఆ లోటును పూడ్చే మరో పన్ను రాష్ట్రానికి లేకపోవడం అందులో ముఖ్య కారణం. అప్పటికి అమ్మకం పన్నయినా సొంతంగా ఉండేది. ఇప్పుడు అదీ లేదు.

2016లో వచ్చిన 101వ రాజ్యాంగ సవరణతో అమ్మకం పన్ను జీఎస్టీలో కలిసిపోయింది. 279ఏ అధికరణం కింద ఏర్పడిన జీఎస్టీ మండలిలో ఓట్ల బరువు చూస్తే రాష్ట్రం స్థానం అర్థమవుతుంది. కేంద్రానికి మూడో వంతు, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండు వంతులు. ఏ నిర్ణయమైనా నెగ్గాలంటే హాజరై ఓటేసినవారి బరువులో నాలుగింట మూడు వంతులు రావాలి. అందరూ హాజరైన సమావేశంలో కేంద్రం వద్దంటే రాష్ట్రాలన్నీ ఏకమైనా 66.67 శాతమే, తీర్మానం వీగిపోతుంది. శాసనసభ ఉన్న కేంద్రపాలిత ప్రాంతాలతో కలిపి సభ్యులు 31. అంటే ఒక్కో రాష్ట్రానికి సుమారు 2.15 శాతం. కేంద్రం ప్రతిపాదనను అడ్డుకోవాలంటే కనీసం 12 రాష్ట్రాలు ఒకవైపు నిలవాలి. 11 అయితే చాలదు. ఉత్తరప్రదేశ్ బరువూ సిక్కిం బరువూ ఒకటే. ఆచరణలో అన్నీ ఏకాభిప్రాయంతోనే నడుస్తాయి. ఓటింగు దాకా వెళ్లిన సందర్భంగా చెప్పుకునేది 2019 డిసెంబరులో లాటరీలపై పన్ను వ్యవహారం.

2022 మే 19న మోహిత్ మినరల్స్ కేసులో సుప్రీంకోర్టు, మండలి సిఫార్సులు సలహాలే తప్ప ఆదేశాలు కావని చెప్పింది. ఆ రోజు ‘రాష్ట్రాలకు స్వేచ్ఛ’ అన్న శీర్షికలు చాలా వచ్చాయి. కాగితం మీద నిజమే. కానీ ఒక రాష్ట్రం తన ఎస్‌జీఎస్టీ (జీఎస్టీలో రాష్ట్ర భాగం) రేటును వేరుగా పెట్టుకుంటే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (కొనుగోళ్లపై కట్టిన పన్నును మినహాయించుకోవడం) లెక్కలు, రాష్ట్రాల మధ్య అమ్మకాలపై వేసే ఐజీఎస్టీ సర్దుబాటు, పోర్టల్, ఇన్వాయిస్ అన్నీ తెగిపోతాయి. ఇంతవరకు ఏ రాష్ట్రమూ ఆ పని చేయలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా సరకులు 5, 18 శాతం శ్లాబుల్లోకి మారినప్పుడు ఆదాయం తగ్గుతుందని ఆందోళన చెందిన రాష్ట్రాలు కూడా మండలి నిర్ణయంతోనే సాగాయి. తొలి ఐదేళ్లు 2015-16 ఆదాయంపై ఏటా 14 శాతం పెరుగుదలకు పరిహారం హామీ ఉండేది. అది 2022 జూన్ 30తో ముగిసింది.

పరిశ్రమల విధానాన్ని జీఎస్టీ ఎలా మార్చిందో తగినంతగా చర్చకు రాలేదు. జీఎస్టీ సరకు ఎక్కడ వాడితే ఆ రాష్ట్రానికి వెళ్తుంది. శ్రీసిటీలో తయారైన యంత్రం పుణెలో అమ్ముడైతే రాష్ట్ర వాటా మహారాష్ట్రది. పూర్వం ఫ్యాక్టరీకి అమ్మకం పన్ను మాఫీయో వాయిదాయో ఇస్తే ఖజానాలోంచి రూపాయి బయటికి పోయేది కాదు, రావాల్సింది రాకపోవడమే. ఇప్పుడు రేటు తగ్గించడం కుదరదు. కంపెనీ ముందు పన్ను కడుతుంది, దాన్ని రాష్ట్రం బడ్జెట్ లోంచి తిరిగి ఇస్తుంది. అంటే రాయితీ కాస్తా ఖర్చయింది. ఖర్చయితే కేటాయింపు కావాలి, బీఆర్ఓ (బడ్జెట్ నిధుల విడుదల ఉత్తర్వు) రావాలి, ట్రెజరీలో నిధులుండాలి. ప్రోత్సాహకాల బకాయిలు పేరుకోవడానికి తొలి కారణం ఇది. పెట్టుబడిదారు చూడాల్సింది జీవోలో రాసిన శాతం కాదు; గత మూడేళ్లలో ఆ పద్దు కింద కేటాయించింది ఎంత, నిజంగా విడుదలైంది ఎంత అన్నది.

ఇంకొన్ని గీతలు చకచకా చెప్పుకోవచ్చు. కేంద్రం ఆస్తులపై రాష్ట్రం పన్ను వేయకూడదు (285). ఎగుమతి, దిగుమతుల మీద, రాష్ట్రం వెలుపల జరిగిన సరఫరా మీద వేయకూడదు (286). పక్క రాష్ట్రం సరకుపై తన సరకు కంటే ఎక్కువ పన్ను వేయకూడదు (304). వివక్ష లేని పన్ను వర్తక స్వేచ్ఛకు అడ్డు కాదని 2016 జిందాల్ స్టెయిన్‌లెస్ కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది.

గనుల విషయంలో మాత్రం ఈ మధ్య గీత రాష్ట్రాల వైపు జరిగింది. గనుల రాయల్టీ అనేది పన్ను కాదనీ, ఖనిజ హక్కులపై పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందనీ 2024 జూలై 25న సుప్రీంకోర్టు 8-1 మెజారిటీతో తీర్పిచ్చింది. 2005 ఏప్రిల్ 1 తర్వాతి బకాయిలను 2026 ఏప్రిల్ నుంచి 12 ఏళ్ల వాయిదాల్లో వసూలు చేసుకోవచ్చంది. అయితే రాష్ట్ర జాబితా 50వ అంశంలో ‘పార్లమెంటు విధించే పరిమితులకు లోబడి’ అన్న మాట అలాగే ఉంది.

కేంద్ర పన్నుల్లో వాటా సంగతి క్లుప్తంగా. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాల్సిన పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకు ఇవ్వమంది. అందులో ఆంధ్రప్రదేశ్‌కు 4.047 శాతం, తెలంగాణకు 2.102 శాతం. ఇక్కడ ‘పంచాల్సిన’ అన్నదే కీలకం. 270వ అధికరణం సెస్సులను, సర్‌చార్జీలను ఆ మొత్తం నుంచి మినహాయించింది. పెట్రోలుపై కేంద్రం వేసేదానిలో అధిక భాగం సెస్సుల రూపంలో ఉన్నంతకాలం దాని నుంచి రాష్ట్రానికి వాటా రాదు.

అప్పు: అనుమతి ఎందుకు అడగాలి?

293వ అధికరణం చిన్నదే, నాలుగు క్లాజులు. ఒకటో క్లాజు రాష్ట్రానికి తన సంచిత నిధిని (రాబడి అంతా చేరే ప్రధాన ఖాతా) హామీగా పెట్టి అప్పు తెచ్చుకునే అధికారం ఇచ్చింది, కానీ భారతదేశం లోపలే. మూడో క్లాజు ప్రకారం, కేంద్రానికి రాష్ట్రం బాకీ ఉంటే కేంద్రం సమ్మతి లేకుండా కొత్త అప్పు తేకూడదు. నాలుగో క్లాజు ఆ సమ్మతికి షరతులు పెట్టవచ్చంటుంది.

మరి బాకీ తీర్చేస్తే స్వేచ్ఛ వస్తుందా? సూత్రరీత్యా వస్తుంది. 12వ ఆర్థిక సంఘం తర్వాత కేంద్రం రాష్ట్రాలకు నేరుగా అప్పులివ్వడం బాగా తగ్గించింది కూడా. కానీ ప్రపంచ బ్యాంకు, ఏడీబీ (ఆసియా అభివృద్ధి బ్యాంకు), జైకా (జపాన్ సాయం సంస్థ) అప్పులు కేంద్రం ద్వారానే రావాలి. అమరావతికి 2024 డిసెంబరులో ఆ మొదటి రెండు సంస్థలు మంజూరు చేసిన రుణాలూ అంతే. దానికి తోడు మూలధన పెట్టుబడుల కోసం 2020-21 నుంచి కేంద్రం ఇస్తున్న 50 ఏళ్ల వడ్డీలేని రుణాలు ఉన్నాయి. వడ్డీ లేదని రాష్ట్రాలన్నీ సంతోషంగా తీసుకుంటున్నాయి. ఆ రుణం తీరేదాకా, అంటే మరో అర్ధ శతాబ్దం, 293(3) షరతు తమ మెడ మీద ఉండేలా సంతకం చేస్తున్నాయన్నది కూడా నిజం.

సమ్మతి ఎలా వస్తుందో చూద్దాం. ఏటా కేంద్ర ఆర్థిక శాఖలోని వ్యయ విభాగం ప్రతి రాష్ట్రానికి నికర రుణ పరిమితి లెక్కిస్తుంది. దానికి ఆధారం ఆ ఏడాది అంచనా జీఎస్‌డీపీలో (రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో) 3 శాతం. 15వ ఆర్థిక సంఘం 2021-22కు 4, 2022-23కు 3.5, ఆ తర్వాత 3 శాతం అంది. విద్యుత్ సంస్కరణలు చేస్తే మరో అర శాతం. లెక్క ఎలా కుంచించుకుపోతుందో ఒక ఊహా రాష్ట్రంతో చూపవచ్చు. జీఎస్‌డీపీ 10 లక్షల కోట్లనుకుందాం. పరిమితి 30 వేల కోట్లు. అందులోంచి విదేశీ సాయం కింద వచ్చే 1,500 కోట్లు పోతాయి. పీఎఫ్ లాంటి ప్రజాపద్దు నిల్వల పెరుగుదల 3,000 కోట్లు పోతుంది. కార్పొరేషన్ల ద్వారా తెచ్చి బడ్జెట్ నుంచి తీరుస్తున్న అప్పు 6,000 కోట్లు పోతుంది. మిగిలింది 19,500. అందులో తొలి తొమ్మిది నెలలకు నాలుగింట మూడు వంతులు, సుమారు 14,600 కోట్లకు సమ్మతి ఇస్తారు. ఆ ఏడాది తీరే పాత అప్పు అసలుకు సమానమైన మొత్తం దీనికి అదనం. ఇది అర్థం కాకపోతే మంగళవారం వార్తలు గందరగోళంగా ఉంటాయి, ఎందుకంటే వేలంలో కనిపించే అంకెలో పాత అప్పు తీర్చడానికి తెచ్చిందీ కలిసి ఉంటుంది. జనవరి-మార్చి వాటాకు మళ్లీ లెక్కలు పంపాలి, గతంలో దాటిన మొత్తం ఉంటే అప్పుడు కోస్తారు. ఆర్థిక సంవత్సరం చివర రాష్ట్రాలు ఢిల్లీ చుట్టూ తిరిగేది ఇందుకే.

ఈ కోతల్లో పెద్ద వివాదం కార్పొరేషన్ల అప్పులది. రాష్ట్రం ఒక సంస్థ పెడుతుంది, దానికి గ్యారంటీ ఇస్తుంది, అది బ్యాంకు నుంచి అప్పు తెస్తుంది, తీర్చేది మాత్రం ప్రభుత్వం. తెలంగాణలో కాళేశ్వరం కార్పొరేషన్, ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్రాభివృద్ధి సంస్థ, కేరళలో మౌలిక వసతుల పెట్టుబడి సంస్థ కిఫ్బీ ఈ కోవలోవి. సాగునీటి ప్రాజెక్టుకు సొంత రాబడి ఉండదు కాబట్టి తీర్చే భారం ఎటూ ఖజానాదే. ఆంధ్రప్రదేశ్ సంస్థ విషయంలో మద్యంపై వచ్చే అదనపు రాబడిని అప్పు చెల్లింపులకు మళ్లించే ఏర్పాటుపై కేంద్రం 293(3)ను ప్రస్తావించి అభ్యంతరం చెప్పింది. ఇందులో మరో ప్రశ్న 266వ అధికరణానిది. పన్ను డబ్బంతా ముందు సంచిత నిధికి చేరాలి, శాసనసభ ఆమోదంతోనే బయటికి రావాలి. మధ్యలో ఎస్క్రో ఖాతా (అప్పు చెల్లింపు కోసమే విడిగా ఉంచే ఖాతా) పెడితే ఆ వరుస తప్పుతుంది.

2022 మార్చిలో కేంద్రం, బడ్జెట్ నుంచి తీర్చే కార్పొరేషన్ అప్పులన్నీ రాష్ట్ర అప్పులుగానే లెక్కిస్తామని చెప్పింది. కొత్త ఆర్థిక సంవత్సరం మొదట్లో తెలంగాణకు అనుమతి ఆగిపోయి ఆ వసంతమంతా వివాదం నడిచింది. అదే ఏడాది జూన్ 14న, సొంత రాబడి లేని ప్రభుత్వ సంస్థలకు బడ్జెట్ నిధుల బదులుగా రుణాలివ్వొద్దని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు మళ్లీ గుర్తుచేసింది. ఆ దారి ఇంకా పూర్తిగా మూసుకుపోలేదు గానీ ఇరుకైంది. పైగా అది ఖరీదైనది. 2018 ఆగస్టులో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్డీఏ జారీ చేసిన 2,000 కోట్ల అమరావతి బాండ్లపై వడ్డీ 10.32 శాతం. రాష్ట్రం నేరుగా సెక్యూరిటీల వేలంలో తెచ్చుకునే అప్పు అంతకంటే చౌక. బడ్జెట్ బయట పెట్టినందుకు ఆ తేడాను మూల్యంగా చెల్లిస్తున్నట్టే.

కార్పొరేషన్ అప్పు ‘రాష్ట్రం అప్పు’ అవుతుందా, 293(3) దానికి వర్తిస్తుందా అన్న ప్రశ్నపై కేరళ 2023 డిసెంబరులో 131వ అధికరణం కింద సుప్రీంకోర్టులో దావా వేసింది. 2024 ఏప్రిల్ 1న కోర్టు మధ్యంతర ఊరట నిరాకరించి, ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. రాజ్యాంగం అమల్లోకి వచ్చి ఏడు దశాబ్దాలు దాటాక 293 అర్థం తొలిసారి విచారణకు వచ్చిందంటే, ఇన్నాళ్లూ ఈ అధికారం ఎంతగా అలవాటు మీద నడిచిందో తెలుస్తుంది. కేంద్రం వాదనలోనూ పస లేకపోలేదు. ఒక రాష్ట్రం చెల్లింపు తప్పితే అన్ని రాష్ట్రాల సెక్యూరిటీలపైనా వడ్డీ పెరుగుతుంది. చిక్కల్లా తనకు మాత్రం అలాంటి గీతను కఠినంగా పాటించాల్సిన అవసరం కేంద్రానికి లేకపోవడం. 292వ అధికరణం పార్లమెంటు పరిమితి పెట్టుకోవచ్చంది, మరెవరి సమ్మతీ అడగమనలేదు.

రోజువారీ నగదుకు ఇంకో కట్టు ఉంది. నెల మొదట్లో జీతాలు, పింఛన్లు ఒకేసారి పడతాయి, రాబడి నెలంతా కొద్దికొద్దిగా వస్తుంది. ఈ ఖాళీకి రిజర్వు బ్యాంకు చేబదుళ్లు (తాత్కాలిక అప్పులు) ఇస్తుంది. అన్ని రాష్ట్రాలకూ కలిపి ఆ పరిమితిని 2024 జూలై 1 నుంచి 60,118 కోట్లకు పెంచారు. మూడు నెలల్లోపు తీరిస్తే రెపో రేటుకే (రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు), దాటితే ఒక శాతం ఎక్కువ. చేబదుళ్ల పరిమితి దాటితే ఓవర్‌డ్రాఫ్ట్. వడ్డీ రెపో కంటే 2 శాతం ఎక్కువ, ఓవర్‌డ్రాఫ్ట్ మొత్తమే చేబదుళ్ల పరిమితిని మించితే 5 శాతం ఎక్కువ. వరుసగా 14 పనిదినాలు గానీ, ఒక త్రైమాసికంలో మొత్తం 36 పనిదినాలు గానీ దాటి ఓవర్‌డ్రాఫ్ట్‌లో ఉంటే రిజర్వు బ్యాంకు చెల్లింపులు ఆపేయవచ్చు. 13వ రోజున ఖాతా సరిచేయడానికి ఏ బిల్లులు ఆపాలో ఆర్థిక శాఖలో కూర్చున్నవారు నిర్ణయిస్తారు. రాష్ట్ర ఆర్థిక విధానంలో నిజంగా వేగంగా అమలయ్యే భాగం బహుశా అదే.

వడ్డీ, కరెంటు, కొలువు

ద్రవ్యం, బ్యాంకింగ్, రిజర్వు బ్యాంకు కేంద్ర జాబితాలోవి. వడ్డీ రేటు, రూపాయి విలువ, రుణ నిబంధనలు రాష్ట్రం అందుకోలేనివి. రైతు రుణమాఫీ అంటే బ్యాంకు అప్పును రద్దు చేయడం కాదు. రాష్ట్రం తన బడ్జెట్ నుంచి బ్యాంకుకు కట్టడం. 2024 జూలై 18న తెలంగాణ మొదలుపెట్టిన 2 లక్షల మాఫీ అయినా, పదేళ్ల ముందు ఆంధ్రప్రదేశ్ రైతు సాధికార సంస్థ ద్వారా విడతలుగా చేసినదైనా అంతే. రాష్ట్రం డబ్బు వేసేదాకా రైతు ఖాతాలో వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. మాఫీ ప్రకటన చూసి వాయిదా కట్టడం మానేసిన రైతు కొత్త రుణానికి అనర్హుడయ్యేది ఆ మధ్య కాలంలోనే.

రాష్ట్ర జాబితా 30వ అంశం వడ్డీ వ్యాపారం. దాని ఆసరాతో 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సూక్ష్మరుణ సంస్థలపై ఆర్డినెన్సు తెచ్చింది, తర్వాత చట్టం చేసింది. రాష్ట్రంలో వాటి వసూళ్లు కుప్పకూలాయి. పన్నెండేళ్లకు, 2022 మేలో, రిజర్వు బ్యాంకు నియంత్రణలోని ఎన్‌బీఎఫ్‌సీలకు (బ్యాంకులు కాని ఆర్థిక సంస్థలకు) రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు వర్తించవని సుప్రీంకోర్టు కేరళ, గుజరాత్ చట్టాలపై తేల్చింది. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు మన 2010 చట్టానికీ అదే చెప్పింది. రాష్ట్రం గీత దాటిందా లేదా అన్నది తేలేలోపు ఒక రంగం తలకిందులు కావచ్చు, ఇరువైపులా.

కరెంటు ఉమ్మడి జాబితాలోది. 2003 విద్యుత్ చట్టం ప్రకారం టారిఫ్ నిర్ణయించేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి, ప్రభుత్వం కాదు. ఉచిత విద్యుత్ ఇవ్వాలంటే 65వ సెక్షన్ కింద రాయితీ మొత్తాన్ని డిస్కంలకు (విద్యుత్ పంపిణీ సంస్థలకు) ముందుగా చెల్లించాలి. ముందుగా చెల్లించకపోవడమే మామూలు. డిస్కం అప్పు తెచ్చి కరెంటు కొంటుంది, విద్యుత్ ఉత్పత్తి సంస్థ జెన్‌కోకు బాకీ పడుతుంది, ఖర్చుల తేడా రెండు మూడేళ్లకు ట్రూఅప్ చార్జీగా బిల్లులో దిగుతుంది. 2019 జూలైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 63వ నంబరు జీవోతో పవన, సౌర విద్యుత్ ఒప్పందాల ధరలను తిరిగి మాట్లాడటానికి కమిటీ వేసింది. హైకోర్టు సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టేసినా, తాత్కాలికంగా పవన విద్యుత్‌కు యూనిట్ 2.43, సౌరకు 2.44 రూపాయలు ఇవ్వమన్నారు. 2022 మార్చి 15న డివిజన్ బెంచ్ ఒప్పందం ధరే చెల్లించాలంది. ధర ఎక్కువన్న ప్రభుత్వ వాదనలో నిజం ఉండొచ్చు, కానీ సంతకం చేసిన ఒప్పందాన్ని జీవోతో మార్చడం కుదరదు.

స్థానికులకు ప్రైవేటు ఉద్యోగాల్లో 75 శాతం అన్న చట్టం ఆంధ్రప్రదేశ్ 2019లో చేసింది, హర్యానా తర్వాత చేసింది. హర్యానా చట్టాన్ని 2023 నవంబరు 17న పంజాబ్-హర్యానా హైకోర్టు కొట్టివేసింది. దేశంలో ఎక్కడైనా నివసించే, ఏ వృత్తినైనా చేపట్టే హక్కు 19వ అధికరణానిది. ప్రభుత్వ ఉద్యోగాలకు నివాస షరతు పెట్టడానికే 16(3) కింద పార్లమెంటు చట్టం కావాలి. అదే లక్ష్యాన్ని రాష్ట్రం ఇంకోలా సాధించవచ్చు: భూమి, రాయితీ ఇచ్చే ఒప్పందంలో స్థానిక నియామకాలకు అదనపు ప్రోత్సాహకం రాయడం. ఖర్చు రూపంలో పెడితే నిలబడే విధానం నిషేధం రూపంలో పెడితే పడిపోతుంది.

ఖర్చు, ఆ తర్వాత బకాయి

ఖర్చు విషయంలో రాజ్యాంగం ఉదారంగా ఉంది. 282వ అధికరణం ఏ ప్రజాప్రయోజనానికైనా గ్రాంటు ఇవ్వొచ్చంటుంది. ఉచిత టీవీలు, ల్యాప్‌టాప్‌లపై 2013లో సుబ్రమణ్యం బాలాజీ కేసులో సుప్రీంకోర్టు తమిళనాడు పథకాలను తప్పుపట్టలేదు. పాటించాల్సింది పద్ధతి. 202 కింద బడ్జెట్, 203 కింద పద్దులపై ఓటింగు, 204 కింద ద్రవ్య వినిమయ చట్టం, మించితే 205 కింద అనుబంధ పద్దులు. అప్పుల అసలు, వడ్డీ, హైకోర్టు న్యాయమూర్తుల జీతాలు, కోర్టు డిక్రీల సొమ్ము లాంటివి సంచిత నిధిపై విధించిన ఖర్చులు, వీటికి ఓటింగే లేదు. డబ్బు తక్కువైన నెలలో ముందు ఇవి పోతాయి, తర్వాత జీతాలు, పింఛన్లు, తర్వాత ఓట్లు తెచ్చే నగదు పథకాలు. వరుసలో చివర నిలబడేది కాంట్రాక్టరు బిల్లు, ఫీజు రీయింబర్స్‌మెంట్, ఆరోగ్యశ్రీ ఆసుపత్రి బిల్లు, ఉద్యోగి డీఏ బకాయి, పరిశ్రమ ప్రోత్సాహకం.

293 పరిధిలోకి రాని అప్పు ఇదే. దీనికి కేంద్రం సమ్మతి అక్కర్లేదు, వేలం అక్కర్లేదు, గ్యారంటీ అక్కర్లేదు. ప్రభుత్వ పద్దులు నగదు పద్ధతిలో రాస్తారు కాబట్టి చెల్లించని బిల్లు ద్రవ్యలోటులో కనిపించదు. ప్రతినెలా కాగ్ ప్రచురించే సూచికల్లోనూ ఉండదు. కాంట్రాక్టరు మాత్రం దాన్ని ముందే లెక్కేసుకుంటాడు. తర్వాతి టెండరులో ఆ జాప్యానికి వడ్డీ కలిపి అంచనా కంటే ఎక్కువ కోట్ చేస్తాడు, లేదా టెండరే వేయడు. నెట్‌వర్క్ ఆసుపత్రి సేవలు ఆపుతుంది. కళాశాల విద్యార్థి సర్టిఫికెట్లు పట్టుకుంటుంది. ఈ బకాయిల మొత్తం బయటపడేది ఎక్కువగా ప్రభుత్వం మారినప్పుడే. తెలంగాణ 2023 డిసెంబరు 20న, ఆంధ్రప్రదేశ్ 2024 జూలైలో శాసనసభల్లో పెట్టిన శ్వేతపత్రాల్లో అప్పులపై చూపినంత శ్రద్ధా పెండింగ్ బిల్లులపై చూపాల్సి వచ్చింది. శాఖలవారీగా, తేదీలవారీగా ఆ బిల్లుల జాబితాను బడ్జెట్ పత్రాలతో పాటు ఏటా సభ ముందు పెట్టడానికి రాజ్యాంగంలో ఏ అడ్డూ లేదు. ఎఫ్‌ఆర్‌బీఎం (లోటు, అప్పుల అదుపు) చట్టానికి శాసనసభ చేసే ఒక చిన్న సవరణ చాలు.